జొన్నపాతర మీద సిపాయి

సోమవారం పొద్దున మూడో నంబరు గేటు దగ్గర నేను టోపీ సర్దుకుంటుండగా తాత అల్లుడు సైకిల్ మీద వచ్చాడు. దిగలేదు. ఒక కాలు నేలకు ఆనించి, "మామ పోయిండు. నిన్న పొద్దు గూకేటప్పుడు. పదకొండింటికి ఎత్తుతున్నం," అన్నాడు. పెడల్ మీద కాలు పెట్టి మళ్లీ ఆగాడు. "దినమంతా నీ గురించే అడిగిండు. పట్వారీ వచ్చిండా, కాయితాలు తెచ్చిండా అని."

ముందురోజు ఆదివారం. నాకు సెలవు. కాగితాలు తెచ్చి చదువుతానని నేను మాట ఇచ్చిన రోజు అదే. పోలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఒక అద్దాల భవనానికి మేమిద్దరం ఒకే ఏజెన్సీ తరఫున కాపలా. రెండో నంబరు గేటు, పొద్దున ఎనిమిది నుంచి. ఏడాదిన్నర పక్కపక్కన నిలబడ్డాం. ఏజెన్సీ కాగితాల్లో ఆయన వయసు యాభై నాలుగు. "పదేండ్ల సంది యాభై నాలుగే బిడ్డా, ఇగ పెరుగుత లేను," అనేవాడు. చూసినవాళ్లెవరైనా డెబ్బై దగ్గర పడిందని చెబుతారు. అయినా ఆయన నిలబడితే గేటు కడ్డీ పక్కన ఇంకో కడ్డీ పాతినట్టుండేది. నేను గంటకోసారి గోడకు ఆనుకునేవాణ్ని. ఆయన ఆనుకోవడం నేను చూడలేదు.

డ్యూటీకి రాగానే స్టూల్ మీద కూర్చుని చీలమండ దగ్గర మొదలుపెట్టి మోకాలి కింద దాకా ఖాకీ గుడ్డపట్టీ చుట్టుకునేవాడు. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం ఎక్కేలా, ముడత లేకుండా, కొస లోపలికి దోపి. నిలబడితే కాళ్లు వాస్తాయి, గుడ్డ చుడితే వాయవు అనేవాడు. నాకూ చుట్టడం నేర్పాడు. నేను పై నుంచి కిందికి చుడితే నవ్వి మొత్తం విప్పించాడు.

మా గేటు పక్కన ఇంకో భవనం కోసం బండలు పేల్చేవాళ్లు. మధ్యాహ్నం అన్నం వేళకు ఈల వినపడేది, ఎర్ర జెండా లేచేది. తాత వెంటనే, "నోళ్లు తెరువుండ్రి," అని కేకవేసేవాడు. నోరు మూసుకుని ఉంటే ఆ చప్పుడుకు చెవులు పోతాయట. కూలీలు, ఊడ్చేవాళ్లు, నేను, అందరం నోళ్లు తెరుచుకుని నిలబడేవాళ్లం. టై కట్టుకుని లోపలికి పోతున్న కుర్ర ఉద్యోగులను కూడా ఆపి తెరిపించేవాడు. ఒకతను ఇంగ్లిషులో ఏదో సణిగాడు. బండ పగిలింది. మర్నాటి నుంచి అతను ఈల వినగానే కారు అద్దం దించి, మాకంటే ముందే నోరు తెరిచేవాడు.

ఇంకో అలవాటు రిజిస్టరుది. గేటులోంచి లోపలికి పోయే ప్రతి మనిషీ పేరు, ఎక్కడి నుంచి, ఎవరి కోసం అని రాయాలి. తాతకు చదువు రాదు కనుక ఆయన అడిగేవాడు, నేను రాసేవాణ్ని. ఎక్కడి నుంచి అంటే ఏ కంపెనీ నుంచి అని. తాత మాత్రం కూలీలను, డ్రైవర్లను, ఊడ్చేవాళ్లను, "మీదే ఊరు?" అని అడిగేవాడు. సూర్యాపేట దిక్కో, జనగామ దిక్కో అని చెబితే అంతటితో వదిలేవాడు కాదు. ఏ ఊరు, ఊరికి ఏ పక్క, మీ దిక్కు జొన్నపాతర్లు ఉండెనా అని అడిగేవాడు. నేను ఊరి పేరు రాసేవాణ్ని. మా సూపర్‌వైజర్ గోదావరి వైపు మనిషి, నోరు మంచిది. ఒకరోజు రిజిస్టరు తిరగేసి నెత్తి పట్టుకున్నాడు. "ఇది గేటు పుస్తకవా, జనాభా లెక్కలా? ఊరి పేరు మిమ్మల్ని ఎవరడిగారండీ?" అన్నాడు. తాత ఆయనకు సెల్యూట్ కొట్టి, తర్వాత వచ్చిన మనిషిని కూడా ఊరే అడిగాడు. ముసలాయనకు మనుషులంటే ప్రేమ అనుకున్నాను. ఎందుకు తాతా అని నేనొక్కసారీ అడగలేదు.

మాది మెదక్ దిక్కు. డిగ్రీ మధ్యలో వదిలేసి ఈ కొలువులో చేరాను. కోఠి ఫుట్‌పాత్ మీద దొరికిన కరపత్రాలు, అట్టలేని చిన్న పుస్తకాలు తెచ్చుకుని చదివేవాణ్ని. యాభై ఏళ్ల కింద నైజాం చివరి రోజుల్లో పల్లెలు రెండుగా చీలి, ఒకే ఊళ్ల పిల్లలు ఒకరి మీద ఒకరు తుపాకీ పట్టిన కాలం గురించి చదివినకొద్దీ నాకు ఒళ్లు మండేది. నవల రాయాలనుకున్నాను. పదిహేడేళ్ల కుర్రాడు, నైజాం మీద తిరగబడ్డ దళంలో సైనికుడు. చెడ్డవాళ్లంతా అటు, మంచివాళ్లంతా ఇటు. మధ్యలో నిలబడ్డవాళ్ల మీద నాకు ఇంకా ఎక్కువ కోపం.

తాతకు చెప్పాను. నేను ఎప్పుడూ ఏదో రాస్తుంటానని అప్పటికే నన్ను పట్వారీ అని పిలిచేవాడు. మా కరపత్రాల్లో పట్వారీ అంటే దొర పక్కన కూర్చుని దొంగ లెక్కలు రాసేవాడని ఆయనకు తెలుసు, నాకు ఒళ్లు మండుతుందనీ తెలుసు, అందుకే పిలిచేవాడు. "ఏం పట్వారీ, తుపాకి ఎన్నడన్న ఎత్తినవా?" అన్నాడు. లేదన్నాను. గేటు కడ్డీ తీసి నా భుజం మీద పెట్టి రెండు గంటలు నిలబెట్టాడు. బరువు భుజానికి కాదు, మెడకు తెలుస్తుందని అప్పుడు అర్థమైంది. అక్కడి నుంచి నేను రాసిన ప్రతి పేజీ ఆయనకు చదివి వినిపించడం మొదలైంది. కళ్లు మూసుకుని వినేవాడు. తప్పు తగలగానే చెయ్యి ఎత్తేవాడు. నా కుర్రాడు కొండ మీద నిలబడి ఉపన్యాసం ఇస్తే చెయ్యి ఎత్తాడు. "వాడు నీళ్లడగాలె బిడ్డా. భయపడ్డోనికి నోరెండుతది, మాట్లాడడు." నేను రాసుకున్నాను. నిద్ర ఆపుకోవడానికి బుగ్గ లోపల కొరుక్కోవడం, తడిసిన బూటులో వేళ్లు ఎలా నానిపోతాయో, పక్కవాడి ఊపిరి చప్పుడును బట్టి వాడు పారిపోవాలనుకుంటున్నాడని పసిగట్టడం, అన్నీ ఆయన చెప్పినవే. ఇన్ని తెలిసిన మనిషి దళంలోనే ఉండి ఉంటాడని నాకు నేనే తేల్చుకున్నాను. ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు.

నలభై పేజీలయ్యాక ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరికీ చదువుతానన్నాను. పెద్ద బండ నీడలో పదిమంది కూర్చున్నాం. తాత వద్దన్నాడు, తర్వాత చదువుదువులే అన్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. నా కుర్రాడు కాళ్లకు గుడ్డపట్టీ చీలమండ నుంచి పైకి, చుట్టు మీద చుట్టు సగం ఎక్కేలా చుట్టుకుని, కొస లోపలికి దోపి, తుపాకీ తీసుకుని బయలుదేరాడు. అక్కడ మా దగ్గర ఊడ్చే పెద్దమ్మ చేతిలో ముద్ద పట్టుకుని ఆగింది. ఆమెది సూర్యాపేట దిక్కు.

"వాడు ఏ దిక్కోడు బిడ్డా?" అంది.

దళం మనిషి అన్నాను.

"మరి కాళ్లకు గుడ్డలెందుకు సుట్టుకున్నడు? దళపోళ్లకు చెప్పులే లేకుండె. కాళ్లకు గుడ్డలు సుట్టుకున్నోళ్లు మా కొట్టం కాలవెట్టినోళ్లు. అప్పుడు నాకు ఏడేండ్లు. మంచం కింద పన్న. నాకు కండ్లవడ్డయి గా కాళ్లే."

ఇన్నాళ్లూ వాపు కోసమే అనుకున్న తాత కాళ్ల పట్టీల మీదికి అందరి చూపులూ మెల్లగా పోయాయి. తాత కాళ్లు వెనక్కి లాక్కోలేదు. టిఫిన్ మూత కింద పెట్టి, ఆమె వైపు చూసి, "అవ్ చెల్లె. నేను గా దిక్కోన్నే. నైజాం సర్కారు ఫౌజుల ఉంటి," అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. నోటికి ఏది వస్తే అది అన్నాను. ఇన్ని రోజులు నీ పక్కన కూర్చుని తిన్నాను, సొంత మనుషులను కాల్చినోనివి, నా పుస్తకంలోకి దొంగతనంగా దూరినవు అన్నాను. తాత వింటూ కూర్చున్నాడు. "కొట్టాలు కాలవెట్టిన, నిజమే," అన్నాడు. "మనిషిని సంపిన్నా లేదా అంటే మాత్రం నాకెరుక లేదు." అది తప్పించుకునే మాట అనుకున్నాను. ఆ నలభై పేజీలూ చించి బండ మీదికి విసిరేశాను. గాలికి కాగితాలు తుమ్మకంపలో పడ్డాయి. డెబ్బై ఏళ్ల మనిషి వంగి ఒక్కొక్కటే ఏరుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ సాయంత్రమే సూపర్‌వైజర్‌ను అడిగి మూడో గేటుకు మారిపోయాను.

ఇరవై రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో గేటు నుంచి రెండో గేటు కనిపిస్తుంది. ఈల ఊదినప్పుడల్లా ఆయన కేక వినపడేది. నేను పంతంగా నోరు మూసుకుని నిలబడేవాణ్ని. చెవులు రెండూ గుయ్యిమనేవి. పెద్దమ్మ మాత్రం రోజూ అన్నం ఆయన పక్కనే కూర్చుని తింటోంది. ఉండబట్టలేక ఒకరోజు ఆమెను ఆపి, నీకు రోషం లేదా అని అడిగాను. ఆమె చీపురు చంకలో పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"కాలింది నా కొట్టం. నీదేం కాలింది బిడ్డా?" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మాఫీ చేసిన్ననుకుంటున్నవా? చెయ్యలే. గంత ముసలోన్ని ఒక్కన్నే కూసొని తినుమంటమా?"

ఆ తర్వాత తాత డ్యూటీకి రావడం మానేశాడు. ఆయాసం. దవాఖానకు రానంటున్నాడని, నన్ను పిలుస్తున్నాడని అల్లుడు చెప్పి పంపాడు. రెండుసార్లు పోలేదు. మూడోసారి, గురువారం, సగం రోజు సెలవు పెట్టి మణికొండ పోయాను. బండల మధ్య రెండు గదుల కిరాయి ఇల్లు. తాత గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన దేనికైనా ఆనుకోవడం అదే మొదటిసారి చూడటం. తలగడ కింద నుంచి కాగితాలు తీశాడు. నేను చించినవి. ఏ ముక్క దేనిదో చదువు రాని మనిషికి ఎలా తెలిసిందో, అన్నం మెతుకులు పెట్టి అతికించాడు.

ఆ రోజు చెప్పింది ఆయన ఆయాసంతో, ఆగి ఆగి చెప్పాడు. నేను వరసగా రాస్తున్నాను.

దొర ఇంట్లో వెట్టి చేయలేక పదిహేడో ఏట పారిపోయాడు. ఫౌజులో చేరితే అన్నం పెడతారు, బూట్లు ఇస్తారు అన్నారు. చేరాడు. ఎవరి మీదికి పంపుతారో అడగలేదు. ఒక ఊరికి పంపారు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. దళం మనుషులు దాక్కున్నారని ఇల్లిల్లూ వెతకమన్నారు. ఒక ఇంటి వాకిట్లో జొన్నపాతర ఉంది. భూమిలోకి నిలువెత్తు గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన రాతి పలక పెట్టి మట్టితో మెత్తుతారు. పలక చుట్టూ మట్టి తడిగా ఉంది. తాత ఒక్కడే పలక కొంచెం జరిపాడు. సగం ఖాళీ అయిన గొయ్యిలో జొన్నల మీద తన ఈడు కుర్రాడు ఒకడు ముడుచుకుని కూర్చుని పైకి చూస్తున్నాడు. తాత పలక మళ్లీ మూసి, దాని మీద కూర్చుని, తుపాకీ ఒళ్లో పెట్టుకున్నాడు. జమేదారు వచ్చి ఏముందని అడిగితే ఖాలీ అన్నాడు.

వెతకడం అయ్యాక ఫౌజువాళ్లు పోతారనుకున్నాడు. పోలేదు. ఆ వాకిట్లోనే వంట పెట్టారు. జమేదారు పదడుగుల దూరంలో మంచమేసుకుని పడుకున్నాడు. తాత పలక మీది నుంచి లేవలేదు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు.

"జొన్నపాతర్ల గాలి మంచిగుండదు బిడ్డా. తెరిస్తే ముందుగాల దీపం దించి సూస్తరు. దీపం ఆరితే మనిషి దిగడు. నేను ఎవుసం జేసినోన్ని, నాకెర్క గద. ఎర్కయ్యుండి కూసున్న." కొంచెం సేపు ఊపిరి తీసుకున్నాడు. "నడిపొద్దుకు కింద కెల్లి తట్టిండు. రెండుమాట్లు. నా పిర్రలకు తెలిసింది. మల్ల తట్టలే."

పొద్దు వాలాక ఫౌజు కదిలింది. ఆయనను ముందు వరసలో నడిపించారు. వెనక్కి తిరిగి చూసే వీలు కూడా లేదు.

మళ్లీ ఆ ఊరికి ఎందుకు పోలేదని అడిగాను. యాభై ఏళ్లు ఉన్నాయి కదా అన్నాను.

"పోతే తెలుస్తది గద," అన్నాడు.

అందుకే ఊళ్ల పేర్లు. పోవడానికి ధైర్యం చాలలేదు. ఆ దిక్కు మనిషి ఎవడో గేటులోంచి పోతూ, మా ఊళ్లో పాతరలోంచి ఒకడు బతికి బయటపడ్డాడని మాటవరసకు చెబుతాడేమోనని ప్రతివాణ్నీ అడిగాడు.

కరుగుతానని మీరనుకుంటారు. నేను కరగలేదు, నిజం రాస్తున్నాను. మూత తీసి ఉండాల్సింది అన్నాను. తీస్తే ఇద్దరం పోదుము అన్నాడు. పోతే పోతుంటిరి అన్నాను. అల్లుడు నన్ను కొట్టేలా చూశాడు. తాత మాత్రం నవ్వాడు.

"నీ పుస్తకాలల్ల పదిహేడేండ్ల పోరగాడు ఎన్నడు భయపడడా, పట్వారీ?"

నేను చదివిన వాటిలో నిజంగానే ఎవరూ భయపడలేదు.

"భయపడ్డోన్ని రాయి," అన్నాడు. "ఆదివారం తెచ్చి సదువు. మూత తీసినంక ఏం కనవడ్డదో నాకు ఇనవడాలె. నువ్వు రాసినా సాలు."

తెస్తానన్నాను.

ఆదివారం పొద్దుటికి అధ్యాయం తయారైంది, చివరి పేజీ తప్ప. చివరి పేజీ రెండు రాశాను. ఒకదాంట్లో ఫౌజు పోయాక ఊరివాళ్లు మూత తీస్తారు, కుర్రాడు దగ్గుతూ పైకి వస్తాడు. అది చదివితే ముసలాయనకు బిచ్చం వేసినట్టు, నా నవలకు అబద్ధం. రెండోదాంట్లో కుర్రాడు పైకి రాడు. అది చదివితే మంచంలో ఉన్న మనిషిని కాల్చినట్టు. ఏదో ఒకటి తేల్చుకున్నాకే పోవాలనుకున్నాను. తినకుండా, గది దాటకుండా, పొద్దు గూకే దాకా ఒకటి కొట్టేసి ఇంకొకటి రాస్తూ కూర్చున్నాను. మణికొండ నా గది నుంచి సైకిల్ మీద అరగంట. ఉత్త చేతులతో పోయినా సరిపోయేదని సోమవారం అల్లుడు నోరు తెరిచేదాకా నాకు తట్టలేదు.

బండల వెనక ఖాళీ జాగాలో పెట్టారు. పెద్దమ్మ వచ్చింది, దూరంగా నిలబడింది, మట్టి మాత్రం వేసింది. స్నానం చేయించాక కాళ్లకు ఆ గుడ్డపట్టీలు చుడదామా అని కూతురు అడిగిందట, అల్లుడు వద్దన్నాడట. ఉత్త కాళ్లతోనే పోయాడు.

నన్ను మళ్లీ రెండో గేటుకు వేశారు. ఇనప్పెట్టెలో పాత రిజిస్టర్లు ఉంటే తీసి చూశాను. ఏడాదిన్నర నిండా ఊళ్ల పేర్లు. కొన్ని నేను వెక్కిరింతగా పెద్ద అక్షరాలతో రాసినవి. అన్నీ నా చేతి రాతే. ఆ ఒక్క ఊరు కోసం ప్రతి పేజీ వెతికాను. లేదు. ఆ ఊరి నుంచి ఈ గేటులోకి ఎవరూ రాలేదు.

నిన్న మధ్యాహ్నం పెద్ద బండ నీడలో పెద్దమ్మకు అధ్యాయం చదివాను. తాతకు బాకీపడిన మాట ఇంకెవరికి చదవాలో తోచలేదు. ఈసారి కుర్రాడి కాళ్లకు గుడ్డపట్టీలు ఉన్నాయి, వాడు ఏ దిక్కో మొదటి వాక్యంలోనే ఉంది. ఆమె తినడం మానేసి విన్నది. కొట్టం కాలే చోట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, చదవడం ఆపమని మాత్రం అనలేదు. పలక మీద కూర్చున్న కుర్రాడికి కింద నుంచి రెండుసార్లు తట్టిన చప్పుడు తెలిసేదాకా చదివి కాగితం మడిచాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "మూత తీసిన్రా మరి? గా పోరడు బతికిండా?"

నేను చెప్పబోయాను. బండల అవతల ఈల ఊదారు, ఎర్ర జెండా లేచింది. కేకవేయడానికి తాత లేడు. అయినా పెద్దమ్మ నోరు తెరిచింది. కూలీలు తెరిచారు. లోపలికి పోతున్న కారు ఆగి అద్దం దిగింది, టై కట్టుకున్న కుర్రాడు తెరిచాడు. ఇన్నాళ్ల పంతం తర్వాత నేనూ తెరిచాను. అలాగే నోళ్లు తెరుచుకుని, కింద ఎక్కడో రాయి పగలడం కోసం చూస్తూ నిలబడ్డాం.